అన్నకిచ్చిన రెండు మాత్రలు

నా కోపం ఊరందరికీ తెలుసు. దాని చేతకానితనమూ తెలుసు. కోపమొస్తే గుండె దడదడా కొట్టుకునేది, చేతులు వణికేవి, ఒకచోటికి ఎత్తిన కర్ర ఇంకోచోట పడేది. ఒకసారి పక్క పొలం వాణ్ణి కొట్టబోయి నా ఎద్దు కొమ్మునే కొట్టాను. "నీ కోపానికి ఎద్దులు బెదరల్లగానీ మనుషులకేమీ కాదులేప్పా" అని టీ అంగడి దగ్గర నెలరోజులు నవ్వుకున్నారు.

వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ ఏళ్ళలో ఊరికే కూర్చున్నా దడ పుట్టేది. ఒకరోజు పొలంలో కళ్ళు తిరిగి కూలబడితే పావగడలో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, బీపీ ఉందన్నాడు. గుండె వేగం తగ్గించే మాత్రలు రాస్తూ అడిగాడు.

"నీకు ఉబ్బసం ఉండాదా?"

"నాకు లేదు సార్. మా అన్నకుండాది" అన్నాను, అదేదో అన్న చేసిన తప్పయినట్టు.

"అయితే సరే. ఇవి నీకే. ఇంకెవురికీ ఇయ్యాకు. ఉన్నట్టుండి మానేయాకు."

ఏ డాక్టరైనా అనే మాటే గదా అనుకున్నాను. మా దిక్కు మందు కూడా ఊరగాయ లాంటిదే. ఒకరింట్లో బాగా కుదిరితే నాలుగిళ్ళకు పోతుంది. జ్వరం మాత్ర విరిచి సగం పక్కింటికిస్తాం, కళ్ళమందు బుడ్డి వీధంతా తిరిగొస్తుంది. ఇవ్వనివాణ్ణి పిసినారి అంటాం.

మాత్ర పని చేసింది. కొద్ది రోజులకే దడ తగ్గింది, వణుకు పోయింది. వేళ్ళు మాత్రం చల్లగా ఉండేవి, పొలం గట్టు ఎక్కితే కాళ్ళు బరువుగా లాగేవి. మొగుడి కోపం వదిలిందని నా భార్య సంతోషపడింది. కోపం యాడికీ పోలేదు. దాని చప్పుడు ఆగిందంతే. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు.

ఆ ఏడు వేరుశనగ కాయ నిలవలేదు, కట్టె మాత్రం కాస్త వచ్చింది. కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు తీగను మేం కట్టె అంటాం. కరువులో ఎద్దులకు అదే ప్రాణం. అన్నా నేనూ వేరుపడ్డవాళ్ళం. కట్టె వాములు మాత్రం పక్కపక్కనే వేసుకున్నాం. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి అన్న ఎద్దులు నా వామిని మేస్తున్నాయి. అన్న దుమ్ము పడక ముక్కుకు తలగుడ్డ కట్టుకుని పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"అన్నా, ఎద్దుల్ని కట్టెయ్."

"తిననీలేరా. నీదేంది, నాదేంది."

"అట్లయితే నీ వామికే ఇడవకపోయినావా?"

అన్న నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

అక్కడ పడి ఉన్న పార కామ, ఆ పొడవాటి కర్ర పిడి, అందుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద, సరిగ్గా నేను అనుకున్నచోటే పడింది. రెండోది అడ్డం పెట్టిన ముంజేతి మీద. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. మూడోదానికి అన్న వామిలోకి కూలాడు, దుమ్ము లేచింది. వదిన పరిగెత్తుకొచ్చి రాయి విసిరింది. నా కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది.

"సంపుతావేంరా నా మొగుణ్ణి! నీ చేతులు పడిపోనూ!"

ఒంటికన్నుతో చూసుకుని మళ్ళీ కొట్టాను. చెయ్యి వణకలేదు. గుండె గానుగెద్దు మాదిరి నింపాదిగా నడుస్తోంది. అన్నేళ్ళూ నా మనుషుల్ని నానుంచి కాపాడింది ఆ వణుకేనని తర్వాత గానీ తెలిసిరాలేదు.

"సాలురా చిన్నోడా" అన్నాడు అన్న, దుమ్ములోంచి. నన్ను చంకనెత్తుకుని తిప్పిన రోజుల్లో పిలిచిన పిలుపు అది. కామ నా చేతిలోంచి జారిపోయింది.

నేనే మోసుకుపోయి అన్న ఇంటి అరుగు మీద పడుకోబెట్టాను. "గుండె పగిలిపోతా ఉండాదిరా" అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే ఒకప్పటి నా దడే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పరిగెత్తి మాత్రల అట్ట తెచ్చాను. నాకు ఒకటి చాలు. అన్న నాకన్నా పెద్దవాడు, పైగా దెబ్బలు తిన్నవాడు, రెండు వేద్దామనుకున్నాను. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళం, నాకు పడింది అన్నకు పడదా? రెండూ నోట్లో వేసి నా చేత్తోనే నీళ్ళు తాపించాను. అది చూసి వదిన కూడా తిట్లు ఆపింది.

గంట తిరగకముందే అన్న లేచి కూర్చున్నాడు. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. రొమ్ములో పిల్లికూతలు. అన్న ఉబ్బసం మాకు అలవాటే, ఇట్లా ఎప్పుడూ రాలేదు. పెదాలు నల్లబడుతుంటే దారిన పోయే టెంపో ఆపి, కాయల మూటలు దింపించి, పావగడకు తీసుకుపోయాం.

వదిన నా దెబ్బల సంగతి చెబుతుండగానే డాక్టరు సూది వేశాడు. ఎప్పుడూ పనిచేసే ఆ సూది ఈసారి పనిచేయలేదు. "ఏమిచ్చినారు?" అని అరిచాడు. జేబులోంచి అట్ట తీసి చూపించాను. ఆయన నా చెంప పగలగొట్టాడు.

"నిన్ను అడిగితి కదా ఉబ్బసం సంగతి! ఉబ్బసమోళ్ళకు ఇది ఊపిరిగొట్టాల్నే బిగిస్తాది. నా సూదిని కూడా పని చేయనీదు. నీ దెబ్బలకు చెయ్యి ఇరిగిందంతే. దీనికి మనిషే పోతాడు!"

మరుసటి రోజు మధ్యాహ్నానికి గానీ అన్న ఊపిరి దారికి రాలేదు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"కావాలంటే ఇంకో నాలుగు కొట్టరా చిన్నోడా. మందు మాత్రం ఇయ్యాకు."

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. వదిన నవ్వలేదు. "మనిషి సచ్చిపోతా ఉంటే బండ మాదిరి నిలబడినాడు. నీ తమ్మునికి గుండే లేదు" అంది.

నేను ఎంత భయపడ్డానో నాకే తెలుసు. నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? అన్న బాగున్న చెయ్యి తీసుకుని నా రొమ్ము మీద పెట్టుకున్నాను. అన్న చాలాసేపు అట్లాగే ఉంచాడు. లోపల గానుగెద్దు అదే నడక నడుస్తోంది.

"మాత్ర వల్ల, అన్నా" అన్నాను.

"పోనీలేరా" అని అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.