తవ్వొద్దన్న భూచంపకం

భూచంపకం పెంచే ఇల్లు నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక్కటే ఉండేది. చల్లపల్లి దగ్గర చిన్న ఊరు మాది. ఆ ఇల్లు మా పక్కింటి టీచరమ్మగారిది. కిటికీ కింద నేలంతా కప్పేస్తూ పరుచుకునే ఆ మొక్క ఆకులు చలికాలంలో ఎండి మాయమైపోయేవి. ఎండలు ముదిరే ముందు ఉత్త మట్టిలోంచి తెలుపూ ఊదా కలిసిన పూలు లేచేవి. ఆ వాసన మా వాకిలి దాకా వచ్చేది. చనిపోయిన వాళ్ళమ్మగారి పెరట్లోంచి ఆవిడ తెచ్చుకున్న దుంపలవి.

ఒక చలికాలం ఆవిడ ఆపరేషన్ కోసం గుడివాడ వెళ్తూ తోట నాకు అప్పగించారు. "ఆకులు పడిపోయాక అక్కడ నీళ్ళు పొయ్యకమ్మా. తవ్వకు. లోపల దుంపలు బతికే ఉంటాయి" అన్నారు.

పది రోజులకి అక్కడ ఒక్క ఆకూ మిగల్లేదు. ఆ బోడి నేల చూస్తే నాకు భయమేసింది. ఆవిడ మాట గుర్తుండి కూడా రోజూ చెంబులతో నీళ్ళు పోశాను. ఏమీ మొలవలేదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక పుల్లతో తవ్వాను. దుంప వేలికి మెత్తగా తగిలి చితికిపోయింది. కుళ్ళు కంపు. మరొకటి తవ్వాను, అదీ అంతే. గబగబా మట్టి కప్పేసి ఇంటికి పరుగెత్తాను.

ఆవిడ తిరిగొచ్చిన రోజు నేను తలుపు వెనక దాక్కున్నాను. "మీ అమ్మాయి తోట ఎంత బాగా చూసుకుందండీ!" అని మా అమ్మతో అనడం వినబడింది. అన్నం సయించలేదు. రెండు రోజులు బడికి చుట్టుదారిన వెళ్ళాను. మూడో రోజు పొద్దున్నే వెళ్ళి, ఆవిడ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను.

టీచరమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడతారేమో అనుకున్నాను; కొట్టినా బాగుండేది. తర్వాత కుట్లు లాగుతున్నా మెల్లగా పీట మీద కూర్చుని, "రా, చూద్దాం" అన్నారు. ఇద్దరం వేళ్ళతో మట్టి తీశాం. ఒక్కొక్కటీ చితికిపోతుంటే నాకు ఏడుపు ఆగలేదు. చివరికి గోడ మూల గట్టిగా ఉన్నవి రెండు దొరికాయి. ఆవిడ వాటికి బూడిద అద్ది పొడి మట్టిలో పెట్టారు.

"నాకు బాధగానే ఉందమ్మా, లేదని చెప్పను" అన్నారు. "కానీ ఈరోజు చెప్పావు కాబట్టి ఈ రెండైనా దక్కాయి. ఇంకో వారం ఆగుంటే ఇవీ పోయేవి."

ఆ తర్వాత రెండు నెలలూ ఆ మట్టిని రోజూ చూశాను గానీ ముట్టుకోలేదు. ఉగాది దాటాక ఒక పొద్దున ఆవిడ గోడ మీంచి నన్ను పిలిచారు. రెండిట్లో ఒకటి పూసింది. రెండోది ఇక లేవలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా వల్ల పొరపాటు జరిగితే, ఇంట్లోనైనా బయటైనా, ఆ పూటే వెళ్ళి చెప్పేస్తాను. చెప్పబోయే ముందు చుట్టుదారిన తప్పించుకు పోవాలనిపించడం మాత్రం ఇంకా తగ్గలేదు.