మేరీ సిస్టర్ వద్దన్న టీకా

2005లో, పసుపు తవ్వకాలు ముగిసి కల్లాల్లో కొమ్ములు ఆరుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను ఆర్మూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బీఎస్సీ తర్వాత డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ డిప్లొమా చేశాను. పాప పుట్టి ఐదో నెల రాగానే మళ్లీ డ్యూటీలో చేరాను. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, కిటికీ దగ్గర మైక్రోస్కోప్, బల్ల మీద సెంట్రిఫ్యూజ్. రక్తాన్ని వేగంగా తిప్పి, కణాలను అడుగుకు దించి, పైన తేటగా తేలే సీరమ్‌ను వేరుచేసే యంత్రం అది. దాని చప్పుడుకు పక్క గదిలోని పేషెంట్లు, "లోపట మిక్సీ వట్టిండ్రా?" అని అడిగేవారు.

అంతకుముందు చలికాలంలో మా డాక్టర్ మేడం స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి హెపటైటిస్-బి గురించి చెప్పారు. అది రక్తం ద్వారా అంటుకునే వైరస్. పేషెంటుకు వాడిన సూది మనకు గుచ్చుకుంటే చాలు, కాలేయానికి పాకి కామెర్లు తెస్తుంది. దానికి టీకా ఉంది, ఆస్పత్రే తెప్పిస్తుంది అన్నారు. "ముందు అందరి రక్తం పరీక్ష చేద్దాం. మన ల్యాబ్‌లోనే, సుజాతే చేస్తుంది" అని నా వైపు చూశారు. అందరూ తల ఊపారు. ఆ తర్వాత నా గది గడప ఒక్కరూ తొక్కలేదు.

కారణాలు మాత్రం ఎవరివి వాళ్లకు ఉన్నాయి. ఊడ్చి తుడిచే నర్సవ్వ అయితే మేడం ఎదుటే అనేసింది: "పొద్దున లేస్తే పసుపే తింటం, పసుపే పూసుకుంటం. ఆర్మూరోళ్లకు కామెర్లేంది మేడం?" అందరం నవ్వాం. నా భయం నాది. టీకా వేసుకుంటే పాలు ఎండిపోతాయని మా అత్తమ్మ ఎవరి దగ్గరో విన్నది. నేను చదివిన పుస్తకాల్లో అలాంటిదేమీ లేదు. అయినా రాత్రి పాప రొమ్ము పట్టుకుని గుటకలు వేస్తుంటే, పుస్తకాల కన్నా అత్తమ్మ మాటే చెవిలో మోగేది.

మేరీ సిస్టర్ కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. మా దగ్గర అందరికన్నా పాత నర్సు ఆమె. పసిపిల్లలకు టీకాలు వేసేది ఆమే. అంకాపూర్ నుంచి, ముప్కాల్ నుంచి తల్లులు ఆమె చేతి సూది కోసమే వచ్చేవారు. పిల్ల ఏడుపు అందుకునేలోపే "అయిపాయె, అయిపాయె" అంటూ దూది నొక్కేసేది. నా పాపకు ఇదే హెపటైటిస్-బి టీకా వేసిందీ ఆమే. ఆ రోజు పాప కాలు పట్టుకుని నేనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

"బిడ్డ ఏడుస్తలేదు గని తల్లి ఏడుస్తుంది. నీకు గూడ ఒకటి పొడవాల్నా?" అంది.

"నువ్వు వేసుకుంటే నేనూ వేసుకుంటా అక్కా."

"నేను సూది పొడిచేదాన్ని బిడ్డా, పొడిపిచ్చుకునేదాన్ని గాదు" అని నవ్వుతూ అటు తిరిగింది. నవ్వు మొహంలోనే ఉంది, మాటలో లేదు. అప్పుడు నాకది పట్టలేదు.

మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు ఉండేది. మధ్యాహ్నం నేను పెర్కిట్‌లోని మా ఇంటికి వెళ్లి పాపకు పాలిచ్చి వచ్చేదాన్ని. ఆ సమయంలో ఎవరికైనా రక్తం తీయాల్సి వస్తే మేరీ సిస్టర్ తీసి, ట్యూబులు నా బల్ల మీద పెట్టేది. ఇది ఎవరూ పురమాయించిన పని కాదు. నేను మళ్లీ డ్యూటీలో చేరిన రోజే, గడియారం వైపు చూస్తూ మెలికలు తిరుగుతున్న నన్ను చూసి, "పో, బిడ్డ ఎదురు జూస్తుంటది. రక్తం గుంజుడు నాకు రాదా?" అని పంపించింది. ఆ తర్వాత రోజూ అదే మాట.

ఆ రోజు కూడా అలాగే వెళ్లాను. తర్వాత వాళ్లు చెప్పగా తెలిసింది: నేను లేనప్పుడే వేల్పూర్ నుంచి గంగమణి అనే ఆవిడను తీసుకొచ్చారు. పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టే చోట కూలి పని. అన్నం సహించడం లేదు, వాంతులు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఎండదెబ్బ అనుకుని సెలైన్ పెట్టారు. చేతులు, గోళ్లు, మెడ, చీర కుచ్చిళ్లు అన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ సీజన్‌లో మా పేషెంట్లలో సగం మంది అలాగే వస్తారు. వాళ్లు లేచి వెళ్లాక పరుపు మీద కూడా పసుపు అంటి ఉంటుంది. కళ్లేమో పాలిష్ డ్రమ్ము దగ్గర లేచే దుమ్ముకు ఎర్రబడి ఉన్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

మేరీ సిస్టర్ రక్తం తీసింది. తీసిన సూదికి మళ్లీ మూత పెట్టబోయింది. దాన్ని రీక్యాపింగ్ అంటారు. చెయ్యకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో మేమంతా అదే పద్ధతి అనుకునేవాళ్లం. చెత్త ఎత్తేటప్పుడు నర్సవ్వ చేతికి గుచ్చుకోకూడదని మూత పెట్టేవాళ్లం. సరిగ్గా అప్పుడే గంగమణికి వాంతి వచ్చి చెయ్యి విదిల్చింది. సూది మూతలోకి పోకుండా మేరీ సిస్టర్ ఎడమ చేతి చూపుడువేలిలో దిగింది. గ్లౌజులు లేవు. కాన్పుల కోసమని వాటిని దాచి పెట్టుకునేవాళ్లం.

"అయ్యో సిస్టరమ్మా, నెత్తురొస్తుంది. నా వల్లనే గదా?" అని ఆ నీరసంలోనే గంగమణి లేచి కూర్చుంది. కొంగు ముడిలోంచి చిటికెడు పసుపు తీసి, తన చేత్తోనే ఆ వేలికి అద్దింది. మేరీ సిస్టర్ అద్దనిచ్చింది. మా ఊళ్లో గాయమైతే పసుపు పెట్టకుండా ఎవరుంటారు?

నేను తిరిగి వచ్చేసరికి ట్యూబు బల్ల మీద ఉంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీశాను. మామూలుగా సీరమ్ లేత గడ్డి రంగులో ఉంటుంది. ఇది చిక్కని పసుపు నీళ్లలా ఉంది. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? పేషెంటు చేతుల మీది పసుపు ట్యూబులో పడిందని! ఇంకో శాంపిల్ తీద్దామని సిరంజి పట్టుకుని వార్డుకు కూడా వెళ్లాను. గంగమణిని కిటికీ వెలుతురు వైపు తిప్పి, కింది కనురెప్పను కిందికి లాగి చూశాను. ఎర్రటి జీరల వెనక తెల్లగుడ్డు పచ్చగా ఉంది. పసుపు చేతికి అంటుతుంది, మెడకు అంటుతుంది. కంటిగుడ్డుకు అంటదు కదా.

వెనక్కి వచ్చి HBsAg కార్డు పెట్టాను. రక్తంలో హెపటైటిస్-బి ఉందో లేదో చెప్పే పరీక్ష అది. కార్డు మీద ఒక గీత వస్తే కార్డు సరిగ్గా పనిచేసిందని, రెండో గీత కూడా వస్తే వైరస్ ఉందని అర్థం. రెండు గీతలూ స్పష్టంగా వచ్చాయి.

మేడంకు చెప్పి బయటికి వస్తుంటే మేరీ సిస్టర్ ఎదురైంది. ఆమె వేలి మీద పసుపు చూశాను.

"అక్కా, వేలికేమైంది?"

"గా వేల్పూరామె దగ్గర జర గుచ్చుకున్నది. ఏం గాదు."

ఆ మధ్యాహ్నం నేను ఆస్పత్రిలోనే ఉండి ఉంటే ఆ సూది నా చేతిలో ఉండేది. ఆ వేలు నాదయ్యేది. నేను ఇంట్లో పాపకు పాలిస్తున్నాను.

మేడం వెంటనే హైదరాబాద్‌కు ఫోన్ చేశారు. ఇలాంటప్పుడు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. టీకా పనిచేయడం మొదలయ్యే దాకా వైరస్‌ను అడ్డుకునే శక్తి అందులో సిద్ధంగా ఉంటుంది. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. సాయంత్రం బస్సులో ఐస్ డబ్బాలో పంపిస్తామన్నారు. "ఈలోపు నీ రక్తం ఒకసారి చూడాలి మేరీ. ఇంతకుముందే ఉంటే ఆ ఇంజెక్షన్ వల్ల లాభం లేదు" అన్నారు మేడం.

"నాకొద్దు మేడం. పరీక్ష వద్దు, సూది వద్దు. దేవుడున్నడు."

"నర్సువై ఉండి ఏం మాటలవి? పిల్లలకు వేసేది నువ్వే కదా!"

మేరీ సిస్టర్ ఇంజెక్షన్ రూమ్‌లోకి వెళ్లి, కట్లు కట్టే గాజుగుడ్డలు మడతపెడుతూ కూర్చుంది. అప్పటికే మడిచినవాటిని విప్పి మళ్లీ మడుస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. టీకా మంచిదని చెప్పడానికి నోరు రాలేదు. నేనే వేసుకోలేదు. అందుకే, "ఏమని భయమక్కా?" అని మాత్రం అడిగాను.

ఆమె ఇంకో గుడ్డ మడిచి, తలెత్తకుండానే అంది. "సూదికి గాదు బిడ్డా, నీ కార్డుకు భయం. నేను కొత్తగ పనికి చేరినప్పుడు గాజు సిరంజీలు ఉడకవెట్టి, మల్ల గవే వాడుతుంటిమి. ఎన్ని మాట్ల గుచ్చుకున్నయో లెక్క లేదు. గిప్పుడు నీ కార్డు మీద రెండో గీత వస్తే ఏం జెయ్యాలె? పసిపిల్లలను నా చేతికిస్తరా? ఇంజెక్షన్ రూమ్‌ల ఉండనిస్తరా? వెనుకట నేను చేసిన దవాఖానల ఒక ఆయాకు గిట్లనే తేలింది. తెల్లారి నుంచి ఆమె గ్లాసుల ఎవ్వలు నీళ్లు తాగలే. పని ఇడిచిపెట్టి పోయింది. నాకీ పని తప్ప ఇంకోటి రాదు సుజాతా."

అప్పుడు అర్థమైంది. పరీక్ష మన ల్యాబ్‌లోనే చేద్దామని మేడం అందరి సౌకర్యం కోసమే అన్నారు. మెట్ల కింద, అందరూ వచ్చిపోయే దారిలో, తలుపు సరిగ్గా పడని గదిలో ఫలితం తేలుతుందన్న మాటే వాళ్లను గడప దగ్గర ఆపేసింది. ఆ గదిలో రోజూ కూర్చునే నాకు అది తట్టలేదు.

"నా కార్డు కూడా పెడతానక్కా. నా రక్తం నేనూ ఎన్నడూ చూసుకోలేదు. పాలిచ్చే తల్లిని. నాకు భయం లేదనుకున్నవా? రెండూ పక్కపక్కన పెడదాం. పేర్లు రాయను. ఏది తేలినా ముందు మనిద్దరికే తెలుస్తది. ఆ తర్వాత మేడం దగ్గరికి నేనే నీతో వస్తా."

మేరీ సిస్టర్ నా మొహం చూసింది. "నువ్వెందుకు బిడ్డా?" అంది.

"ఆ సూది నాది కాబట్టి."

ఆమె చెయ్యి చాపింది. నేను రక్తం తీశాను. నాకు ఆమె తీసింది. ల్యాబ్ తలుపుకు స్టూలు అడ్డం పెట్టాను. రెండు కార్డులు కిటికీ గట్టు మీద పెట్టి, ఏది ఎవరిదో తెలియడానికి నా నుదుటి బొట్టుబిళ్ల తీసి నా కార్డు పక్కన అంటించాను. సీరమ్ కార్డు మీద మెల్లగా పాకుతోంది. మేరీ సిస్టర్ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. నేను పాప మొహం తలచుకుందామంటే, ఎందుకో టీకా రోజు నేను పట్టుకున్న దాని కాలి మడమే కళ్ల ముందుకు వచ్చింది.

రెండు కార్డుల మీదా మొదటి గీతలు వచ్చాయి. ఎదురుచూశాం. సమయం దాటింది. రెండో గీతలు రాలేదు.

"మల్ల జూడు" అంది.

"చూసిన అక్కా."

"జర వెలుతుర్ల వెట్టి జూడు."

వెలుతురులో పెట్టి చూపించాను. ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుని లేచి, తిన్నగా మేడం గదికి వెళ్లింది. "గా బస్సు ఎప్పుడొస్తది మేడం?" అని అడిగింది.

ఐస్ డబ్బా వచ్చింది. మేడం స్వయంగా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి, ఇంకో వైపు టీకా మొదటి డోసు వేశారు. తర్వాత నా చేతికి మేరీ సిస్టరే వేసింది. "అయిపాయె, అయిపాయె. తల్లి కూడ ఏడుస్తలేదు" అంది. భుజం కాస్త నొప్పి పెట్టింది. పాలు ఎండిపోలేదు. రాత్రి పాప ఎప్పటిలాగే తాగింది. అత్తమ్మ రెండు రోజులు గమనించి, "మంచిదే గద" అని ఊరుకుంది.

మేరీ సిస్టర్‌ను అడిగి, ఆమె భయం సంగతి మేడంకు చెప్పాను. మరునాడు మేడం మళ్లీ అందరినీ పిలిచారు. ఈసారి కాలేయం గురించి ఏమీ చెప్పలేదు. "పరీక్ష నిజామాబాద్‌లో ఎక్కడైనా చేయించుకోండి. కాగితం మీ దగ్గరే ఉంటుంది. ఏది తేలినా మీ పని మీదే, నేను వైద్యం చేయిస్తాను" అన్నారు. నర్సవ్వ వెనక నుంచి, "గా ముక్క ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద మేడం! నేనేదో పసుపు గిసుపు అని కథలు వడితి" అంది. ఈసారి మేడం కూడా నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ వేసుకున్నారు. గ్లౌజుల డబ్బా బీరువాలోంచి వార్డులోకి వచ్చింది. వాడిన సూదులు మూత పెట్టకుండా వేయడానికి గట్టి డబ్బా ఒకటి పెట్టారు.

గంగమణి నెమ్మదిగా కోలుకుంది. ఆమె పిల్లలకు మేరీ సిస్టరే టీకాలు వేసింది. కొన్ని నెలల తర్వాత మేరీ సిస్టర్ మళ్లీ పరీక్ష చేయించుకుంది. ఈసారి కూడా రెండో గీత రాలేదు. ఆ రోజు చర్చి నుంచి కేకు తెచ్చి, మొదటి ముక్క నా నోట్లో పెట్టింది.

పాప తర్వాత పుట్టిన మా చిన్నవాడు నిద్రపోయాడు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. వాడి తొడ మీద నిన్నటి సూది గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. అది కూడా ఆమె చేతిదే. వద్దన్న మనిషికి టీకా గురించి తెలియదని మనం తొందరపడి అనుకుంటాం. మేరీ సిస్టర్‌కు అన్నీ తెలుసు. ఆమెకు కావలసింది, తలుపు వేసుకుని పక్కన కూర్చుని "ఏమని భయం?" అని అడిగే మనిషి. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు ఎవరైనా నా ల్యాబ్ గడప దగ్గర తటపటాయిస్తే, ముందు స్టూలు జరిపి తలుపు వేస్తాను.

ఆ సూది గుచ్చుకున్న మరునాడు మధ్యాహ్నం నాకు ఇంటికి కదలాలంటే మనసు రాలేదు. బల్ల సర్దుతూ అక్కడే తిరుగుతున్నాను. పాలు చేపి జాకెట్టు తడుస్తోంది. తలుపు దగ్గర మేరీ సిస్టర్ కనిపించింది. కట్టు కట్టిన వేలి మీదుగా గ్లౌజు తొడుక్కుంటోంది.

"ఏం జూస్తున్నవ్? పో, బిడ్డ ఎదురు జూస్తుంటది" అంది.