గంగాధర్ తిట్టలేదు

ఈ రోజు గదిలో వంట నా వంతు. ఖర్జూరం తోటలో పని ముగించుకుని వచ్చిన అలసటలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మొదటి ముద్ద నాకే మింగుడుపడలేదు. ఎదురుగా కూర్చున్న గంగాధర్ మాత్రం తలెత్తకుండా తింటున్నాడు.

మేమిద్దరం ఒకే ఈడువాళ్ళం, సౌదీలోని బురైదాలో ఒకే కఫీల్ దగ్గర, అంటే ఒకే యజమాని కింద, పనికి కుదిరాం. ఇదివరకు నేను వండిన పప్పులో ఉప్పు రవ్వంత అటూ ఇటూ అయితే చాలు, వాడు "దీన్ని ఒంటెలు సుత ముట్టయిరా!" అని గది అదిరిపోయేలా తిట్టేవాడు. పోయిన చలికాలం వాడికి కడుపు ఆపరేషన్ అయింది. లేవలేని రోజుల్లో ఒళ్ళు తుడిచాను, బట్టలు ఉతికాను. అప్పటినుంచి నన్ను "అన్నా" అంటున్నాడు. నా చెప్పులు కూడా సర్ది పెడుతున్నాడు.

"ఉప్పెక్కువైంది గదరా, చెప్పవేంది?" అన్నాను.

"మంచిగనే ఉన్నదన్నా."

"అన్నా ఏందిరా? తిట్టరా!"

"నువ్వు నాకు చేసినదానికి నిన్నెట్ల తిడతనన్నా?" అని కళ్ళు దించుకుని, ఇంకో గరిటె పప్పు వేసుకున్నాడు.

తిన్నాక నా కంచం కూడా లాక్కుని కడిగాడు. ఆ తర్వాత అటు తిరిగి గటగటా నీళ్ళు తాగాడు. నేను చూడలేదనుకున్నాడు.

వాణ్ణి మంచం మీంచి లేపాను గానీ, నా దోస్తు మాత్రం ఇంకా లేవలేదు. మళ్ళీ వాడి చేత తిట్టించుకోవాలంటే పప్పులో ఇంకెంత ఉప్పు వేయాలో, తెలిసినవాళ్ళు చెప్పండి.