స్వరూప దిగిన ఫోటో

స్వరూపకు మొహమాటం లేదు. న్యూజీలాండ్‌లో మేముండే పాపటోయిటోయి పేటలో, కూరగాయల కొట్లో బెండకాయ ముదిరితే, కొట్టతని కళ్ళముందే విరిచి చూపిస్తుంది. ఎయిర్‌పోర్ట్ దగ్గరి వేర్‌హౌస్‌లో ఆమే నేనూ ఒకే షిఫ్ట్‌లో పెట్టెలు సర్దుతాం. మా సూపర్‌వైజర్‌కు కూడా ఆమెతో మాట్లాడాలంటే కాస్త భయమే. చదువుకోవడానికి వచ్చిన భర్త వంశీ వెంట జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఈ దేశ పౌరులు. అడగందే అమ్మైనా పెట్టదు అన్నది ఆమె నమ్మిన మాట. అలాంటి మనిషి కిందటేడు ఎవర్ని ఏమడగాలో తెలియక సగమైపోయింది.

ఆమె చెల్లెలు మమత గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. భర్త పోయాక, కోరుట్లలో ఆఫీసు పెట్టుకున్న అంజయ్య అనే ఏజెంట్ ద్వారా వెళ్ళింది. రెండేళ్ళ ఒప్పందం ముగిసినా యజమాని పంపడు. పాస్‌పోర్ట్ ఆయన బీరువాలో ఉంది. గడప దాటనివ్వరు. ఎదురు చెబితే యజమానురాలు చెయ్యి చేసుకుంటుంది. మమత బాత్రూమ్‌లో దూరి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అక్కకు ఫోన్ చేసేది. స్వరూప ఫిర్యాదు పంపని చోటు లేదు. చూస్తామన్నవాళ్ళే తప్ప చూసినవాళ్ళు లేరు.

"మనం ఓట్లేసిన ఎంపీ ఉన్నది గద వదినా, ఆమెనే అడుగుదాం" అంది ఒకరోజు. మా ఎంపీ శనివారాలు లైబ్రరీలో కూర్చుని జనంతో మాట్లాడుతుంది. గన్‌మెన్లు లేరు, అనుచరులు లేరు. కుర్చీ జరిపి కూర్చోమంది. స్వరూప తనకొచ్చిన ఇంగ్లిష్‌లో అంతా చెప్పింది.

"మీ చెల్లెలు న్యూజీలాండ్ పౌరురాలా?" అని అడిగింది ఎంపీ.

"కాదు మేడమ్. నేను పౌరురాలిని."

"అర్థమైంది. కానీ వేరే దేశపు పౌరురాలి కోసం ఆ ప్రభుత్వాన్ని నేరుగా అడిగే అధికారం మాకు లేదు."

ఆ రోజుల్లో గల్ఫ్ దేశాలతో, ఇక్కడి పాలపొడి లాంటివి అమ్ముకునే వ్యాపార ఒప్పందం గురించి వార్తల్లో వస్తూ ఉంది. స్వరూప దాన్ని పట్టుకుంది. "మన పాలపొడి ఆ ఇంట్లో ఉంది మేడమ్. పిల్లలకు కలిపిచ్చేది మా చెల్లెలే. పాలపొడి లోపలికి పోవడానికి మాట్లాడతారు కదా. మనిషి బయటికి రావడానికి మాట్లాడరా?"

"మానవ హక్కుల సంగతి ప్రతి సమావేశంలోనూ మావాళ్ళు ఎత్తుతూనే ఉన్నారు" అంది ఎంపీ.

"ఎవరి పేరైనా చెబుతారా?"

"పేర్లు చెప్పరండీ."

ఎంపీ కళ్ళు చెమర్చాయి. నటన కాదు, మంచి మనిషే. నాకు మండింది కూడా అందుకే. చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళం. ఇంత శుభ్రమైన, ఇంత కలిగిన దేశం ఒక్క మనిషి పేరు పలకడానికి ఎందుకింత జంకుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాతి నెల బతుకమ్మ. తంగేడు దొరకదు కాబట్టి సూపర్‌మార్కెట్ చామంతులతోనే పేర్చుకుంటాం. ఎంపీ ముఖ్య అతిథి. మా తెలుగు సంఘం అధ్యక్షుడు మధుసూదన్ నగరానికి అవతలి కొసనున్న హాబ్సన్‌విల్ నుంచి ముందే వచ్చి స్వరూపను పక్కకు పిలిచాడు. "చెల్లె ముచ్చట ఇక్కడ తియ్యకమ్మా. వచ్చే ఏడు హాల్ కిరాయికి సర్కారిచ్చే గ్రాంట్‌కు ఆమె సిఫార్సు గావాలె మనకు" అన్నాడు. స్వరూప తలూపి పూలు పేర్చడానికి పోయింది. నేను ఆశ్చర్యపోయాను. ఎంపీ చీర కట్టుకొచ్చింది, చప్పట్లు తప్పుగా కొట్టింది, అందరూ నవ్వారు. వెళ్ళేముందు తనే స్వరూప దగ్గరకొచ్చి, భుజం చుట్టూ చెయ్యి వేసి, "మీ చెల్లెలు ఎలా ఉంది?" అని అడిగింది. ఎవరో ఫోటో తీశారు.

మర్నాడు షిఫ్ట్‌లో టీ తాగుతుండగా స్వరూప ఆ ఫోటోను అంజయ్యకు వాట్సాప్ చేసింది. అంజయ్య ఆఫీసు గోడల నిండా ఎమ్మెల్యేలతో తను దిగిన ఫోటోలేనట. నాయకుడు భుజం మీద చెయ్యేస్తే దాని అర్థమేమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఫోటో వెనకాలే వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అంజన్నా, ఈమె మా పార్లమెంట్ మెంబర్. నా భుజం మీద చెయ్యేసి ఏమడుగుతున్నదనుకున్నవ్? మా మమత ముచ్చటనే. ఆ దేశపోళ్ళతోని మావోళ్ళు ఒప్పందం మాట్లాడుతున్నరు. మమత పేరు అక్కడ పడ్డదనుకో, ఎన్క నీ పేరు గూడ పడ్తది. జర ఆలోచన చేసుకో."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. "ఇదేం పని స్వరూపా?" అన్నాను.

"ఆమె అడిగిందా లేదా చెప్పు వదినా. అడిగిందే చెప్పిన."

తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడని అంజయ్యకు తెలుసు. షిఫ్ట్ అయ్యేలోపే ఫోన్ చేశాడు. "గింత దూరం ఎందుకమ్మా, మనం మనం మాట్లాడుకుందాం" అన్నాడు. కొన్ని వారాలకు మమత హైదరాబాద్‌లో విమానం దిగింది. ఎంపీకి ఈ సంగతే తెలియదు. మధుసూదన్ మాత్రం వాట్సాప్ గ్రూప్‌లో, మన సంఘం కృషి ఫలించిందని దండం బొమ్మలతో పెట్టాడు. సొమ్మొకడిది, సోకొకడిది. స్వరూప పట్టించుకోలేదు. వేర్‌హౌస్‌కు గిన్నెడు గులాబ్ జామూన్లు తెచ్చి, సూపర్‌వైజర్ నోట్లో తనే పెట్టింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

కానీ మమత ఫోన్లో మాట్లాడదు. తిన్నవా అంటే తిన్న, పండుకున్నవా అంటే పండుకున్న. ఊరికొచ్చి నెలైనా అంతే. తేరుకోవడానికి టైం పడుతుందని నేను సర్దిచెప్పాను. స్వరూప ఒకరోజు లంచ్‌లో, ఏదేమైనా పని చేసిపెట్టాడు కదా, ఒక మాట చెప్పాలని అంజయ్యకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టడంతో నాకూ వినబడింది.

"అల్కగ అయిందనుకున్నవా అమ్మా? ఆ ఇంటాయన ఊకుంటడా? బదులు మనిషినిస్తెనే పాస్‌పోర్ట్ ఇస్తనన్నడు. పంపిన" అన్నాడు.

స్వరూప చెంచా పక్కన పెట్టి, ఫోన్ దగ్గరికి జరుపుకుంది. "ఎవల్ని పంపినవ్?"

"మెట్‌పల్లి దిక్కు పిల్ల. రజిత."

"ఆ ఇల్లెట్లాంటిదో ఆమెకు చెప్పినవా?"

"ఆమె నీకేమైతదమ్మా?"

స్వరూప "ఏం గాదు" అంది.

"మరింకేంది?" అని అతను పెట్టేశాడు.

గోడ గడియారం మా లంచ్ అయిపోయిందని చెబుతోంది. స్వరూప లేవలేదు. అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేసింది. "మమతా, రజితను చూసినవా?" అని అడిగింది. స్పీకర్‌లో మమత లేచి తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. స్వరూప మళ్ళీ అడగలేదు. ఏ మనిషినైనా గుచ్చి గుచ్చి అడిగే ఆడది, మొదటిసారి జవాబు వద్దన్నట్టు కళ్ళు మూసుకుంది.

"చూసినక్కా" అంది మమత చివరికి. "నేనొచ్చే దినమే వచ్చింది. పని చూపియ్యమని కొంచెంసేపు ఇద్దర్ని ఒక్కకాడ ఉంచిన్రు. చిన్న బిడ్డను అమ్మకాడ ఇడిసిపెట్టి వచ్చిందట. నా చెయ్యి పట్టుకొని, అక్కా, వీళ్ళు మంచోళ్ళేనా అని అడిగింది. ఇంటాయన నా పాస్‌పోర్ట్ పట్టుకొని తలుపుకాడనే ఉన్నడు. ఆయనకు తెలుగు రాదు. నిజం చెప్పచ్చు నేను. చెప్తె ఆ పిల్ల ఏడుస్తది, ఏడిస్తె నన్ను ఆపుతరు. మంచోళ్ళే చెల్లే అని చెప్పిన."