కరెంటు టవర్ మీద వాలిన డేగ

సౌదీలో జుబైల్ ఫ్యాక్టరీల పొగ దాటి ఇసుకలో ఇరవై కిలోమీటర్లు పోతే, ఊరి మురుగునీటిని శుభ్రం చేసి వదిలే చెరువులు వస్తాయి. 2003లో అక్కడికి పంపు ఆపరేటరుగా పోయాడు అల్లాబకాష్. మైదుకూరు పక్క పల్లె మనిషి. అక్కడ ఉన్నవల్లా ఒక రేకుల క్యాబిన్, రెండు మోటార్లు, గట్టున సర్వి చెట్ల వరస. గురువారం కంపెనీ వ్యాను వచ్చి బియ్యం, తాగే నీళ్లు దించి పోయేది. మిగతా ఆరు రోజులూ మనిషి మొహం కనిపించేది కాదు.

మొదటి ఏడాది మోటార్లతో మాట్లాడాడు. రెండో ఏడాది నుంచి పిట్టల్ని చూడటం మొదలుపెట్టాడు.

అక్టోబరు రాగానే ఉత్తరం నుంచి గద్దలు దిగేవి. నల్లగా పెద్దగా ఉన్నవి గట్టు మీద పూటంతా కదలకుండా కూర్చునేవి. సన్న రెక్కలవి రెల్లు మీద ఎత్తు లేకుండా తిరుగుతూ బాతు పిల్లల కోసం వెతికేవి. డిసెంబరు చలికి చెట్ల కిందికి వేరే పిట్టలొచ్చేవి. మన గొరవంక అంతే ఉంటాయి, తెల్లటి రొమ్ము మీద మిరియాలు చల్లినట్టు మచ్చలు. నాలుగు అడుగులు గెంతి, తల వంచి, నేల లోపల ఏదో వింటున్నట్టు ఆగేవి. నేల తడిగా ఉండి వాటికి పురుగులు దొరకాలని అల్లాబకాష్ చెట్ల పైపు వాల్వు పూర్తిగా కట్టేసేవాడు కాదు.

శుక్రవారం భార్య మదార్బీకి ఫోను చేసేవాడు.

"ఏం చేస్తాండావు?"

"పిట్టల్ని చూస్తాండా."

"పిట్టల్ని చూసేదానికి అంత దూరం పోవల్నా?"

అల్లాబకాష్ నవ్వి, పిల్లల్ని పిలవమన్నాడు.

2005 అక్టోబరులో కరెంటు టవర్ మీద డేగ ఒకటి కనిపించింది. లేత రంగు తల, వెడల్పు ఛాతీ. పొద్దు గూకేటప్పుడు వచ్చి మూడో టవర్ మీద రాత్రికి ఉండేది. అది వచ్చిన వారానికి ఒక పాత పికప్పు చెరువు గట్టున ఆగింది. అందులోంచి దిగిన ముసలాయన పేరు అబూ ఫహద్. చేతిలో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా. చాప పరిచి, "రా సదీక్, కూర్చో" అని దోస్తును పిలిచినట్టు పిలిచాడు.

ఆయన రోజూ వచ్చాడు. అల్లాబకాష్ వచ్చీరాని అరబ్బీలోనే పిల్లల పేర్లు చెప్పాడు, ఊళ్లో శనగ పంట గురించి చెప్పాడు. ఒక మనిషి తన మాట ఆఖరిదాకా వినడం రెండేళ్లలో అదే మొదలు. ఎనిమిదో రోజు ముసలాయన ఆకాశం వైపు చూస్తూ అడిగాడు.

"ఇక్కడ డేగ తిరుగుతోందని విన్నా. ఎక్కడ వాలుతుందో చూశావా?"

అల్లాబకాష్ ఆలోచించలేదు. తనకు తెలిసినది ఒకరికి పనికొస్తుందన్న సంతోషంలో మూడో టవర్ చూపించేశాడు.

మర్నాడు సాయంత్రం అబూ ఫహద్ టవర్ కింద ఒక పావురాన్ని వదిలాడు. దాని వీపున సన్నటి నైలాను ఉచ్చులు. డేగ రాయి పడ్డట్టు దిగింది, గోళ్లు ఉచ్చుల్లో ఇరుక్కున్నాయి. "పట్టుకో, రెక్కలు విరగకుండా పట్టుకో!" అని అరిచాడు అబూ ఫహద్. అల్లాబకాష్ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అరచేతుల్లో దాని గుండె గబగబా కొట్టుకుంది. ముసలాయన దాని కళ్లకు గుడ్డ కట్టి, అల్లాబకాష్ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"రేపొస్తా, సదీక్."

రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మోసమేమీ లేదు, అరబ్బులు వేటకు పెంచుకునే డేగ దొరికింది, ఆయన వచ్చిన పని అయిపోయింది, అంతే.

మరుసటి అక్టోబరులో మరో డేగ అదే టవర్ మీదికి వచ్చింది. నాలుగు రోజులకు పికప్పు కూడా వచ్చింది. ముసలాయన కొంచెం వంగిపోయాడు. అల్లాబకాష్ పరుగెత్తి పోయి చేతులు పట్టుకున్నాడు, అంత సంతోషమేసింది.

"వచ్చిందా సదీక్?"

"లేదు బాబా. ఈ ఏడు రాలేదు."

"సరేలే. నిన్ను చూశాగా, అదే చాలు" అని ముసలాయన చాప పరిచి, గహ్వా పోయబోయాడు. సాయంత్రపు అసర్ నమాజు అయిపోయింది. ఇంకో గంట కూర్చుంటే డేగ వచ్చేస్తుంది, ఆయన కళ్లబడుతుంది.

"మోటారు పాడైంది బాబా. పనుంది" అన్నాడు అల్లాబకాష్, నిలబడే.

అబూ ఫహద్ అతని మొహంలోకి చూశాడు. చాప చుట్టాడు. ఖర్జూరాల డబ్బా మాత్రం గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

పొద్దు గూకేవేళ డేగ వచ్చి వాలింది. అల్లాబకాష్‌కు దాన్ని చూడబుద్ధి కాలేదు. పికప్పు పోయిన దారి వైపే, దుమ్ము అణిగి చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఆ శుక్రవారం జరిగింది చెబితే మదార్బీ విసుక్కుంది.

"చెప్పింటే పోయేది. తోడుకు ఒక మనిసన్నా ఉండేవాడు కదా నీకు!"

"ఉండేవాడు" అన్నాడు అల్లాబకాష్.

ఆ డేగ ఫిబ్రవరి దాకా ఉండి పోయింది. అబూ ఫహద్ మళ్లీ రాలేదు.

2009లో పని ముగించి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. బదులు వచ్చిన బంగ్లాదేశీకి అల్లాబకాష్ మోటార్లు చూపించాడు, చెట్ల వాల్వు చూపించాడు. కుర్రాడేం కాదు, తన ఈడువాడే. క్యాబిన్ చుట్టూ ఉన్న ఇసుకను కాసేపు చూసి, "ఇక్కడ పొద్దెట్లా పోతుంది భాయ్?" అని హిందీలో అడిగాడు.

అల్లాబకాష్ మూడో టవర్ వైపు ఒకసారి చూశాడు.

"అలవాటవుతుంది" అని, సంచి తీసుకుని వ్యానెక్కాడు.