గుట్ట అవతలి గంట

వాటీ ఇమ్రీ చేత కర్రల బ్యాగు మోయించుకుని గోల్ఫ్ ఆడడమంటే సగం ఆట, సగం చీవాట్లు. స్కాట్లాండ్ తూర్పు తీరాన, బాల్‌కెన్నీ ఊరి మైదానంలో నలభై రెండేళ్ళుగా అదే అతని పని. నడుమూ భుజాలూ వెచ్చబడేదాకా ఎవరినీ మొదటి దెబ్బ వెయ్యనిచ్చేవాడు కాదు.

"రాత్రి తాగిన విస్కీ ఇంకా కీళ్ళలోనే ఉంది సార్. ఓ ఇరవైసార్లు ఉత్తినే ఊపండి, తర్వాత బంతి సంగతి చూద్దాం," అనేవాడు.

కర్ర ఊపేవాళ్ళ వెనక ఎవరైనా నిలబడితే చొక్కా పట్టుకుని పక్కకి లాగేవాడు. బంతి మీదికొస్తోందని 'ఫోర్' అంటూ కేక వినపడగానే తలెత్తి చూసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. "బంతిని మూతితో పట్టుకుంటారా? ముందు తల దాచుకోండి," అని కసిరేవాడు. ఇన్నేళ్ళలో అతని వెంట వెళ్ళినవాళ్ళెవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వాటీ మొహం చాటంత అయ్యేది.

బంతి వెయ్యాల్సిన గుంటల్లో ఏడోదానికి ఇసుకగుట్ట అడ్డం. అవతల ఎవరున్నారో కనపడదు. ముందు వెళ్ళినవాళ్ళు బంతులు పడే మేర దాటాక, అక్కడున్న గంట కొడతారు. అది వినపడితేనే ఇవతలివాళ్ళు ఆడాలి. బాల్‌కెన్నీ పిల్లలకి కూడా తెలిసిన కట్టుబాటు ఇది.

కిందటి చలికాలం నుంచి వాటీకి దగ్గరి మాటలు తప్ప, దూరాన ఉన్న ఆ గంట వినపడడం లేదు. డాక్టరిచ్చిన చెవిమిషను సముద్రపు గాలికి ఈలలు వేస్తోందని తీసి సొరుగులో పడేశాడు. చెవిటివాడికి బ్యాగు ఎవరిస్తారన్న భయంతో సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. ముందువాళ్ళు గుట్ట దాటాక మనసులో రెండు వందలు లెక్కపెట్టి, "ఊఁ, కొట్టండి," అనేవాడు. ఎంత మెల్లగా నడిచేవాళ్ళయినా ఆపాటికి దాటిపోయేవాళ్ళు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే పెద్దమనిషి బుద్ధి ఇక్కడే గడ్డి తింది.

ఆ బుధవారం బళ్ళో లెక్కలు చెప్పే లోరిమర్ టీచరు ఆడడానికొచ్చింది. ప్రతి బుధవారం ఆమెకి బ్యాగు మోసేది వాటీయే. గుట్ట ముందు అతను రెండు వందలు లెక్కపెట్టి తలూపాడు. ఆమె ఒక్క క్షణం ఆగి అతని వంక చూసి, కొట్టింది. బంతి గుట్ట దాటింది.

అవతలికి వెళ్ళేసరికి, వాళ్ళకంటే ముందు ఆడుతూ వెళ్ళిన మీకిల్, ఒకప్పటి పోస్ట్‌మ్యాన్, ముళ్ళపొద పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. పోయిన బంతి కోసం వెతుక్కుంటున్నాడు. టీచరుగారి బంతి అతని చెవికి జానెడు దూరంలో నేలలో దిగబడి ఉంది.

"నేనింకా గంట దాకా పోనేలేదు కదయ్యా. నన్ను పైకి పంపించేద్దామనే?" అన్నాడు మీకిల్. నవ్వబోయి, చెవి తడుముకున్నాడు.

టీచరు మొహం పాలిపోయింది. "నాకూ గంట వినపడలేదు వాటీ. నీకు వినపడిందనుకున్నాను. నువ్వు పొరపాటు చెయ్యవు కదా అని కొట్టేశాను."

వాటీ వంగి చెయ్యందించాడు. మీకిల్‌ని లేపి నిలబెట్టాడు. బంతి తీసి తుడిచి ఆమెకిచ్చాడు. ఆమె ఎనిమిదో గుంట ఆట మొదలెట్టే చోటికి నడిచింది. అక్కడ కర్ర తీసుకుని, అలవాటు కొద్దీ, "కొట్టొచ్చా?" అని అడిగింది.

"నన్నడక్కండి టీచరుగారూ. నాకు చెవులు వినపడవు."

"ఎప్పట్నుంచి?"

"కిందటి చలికాలం నుంచి."

ఆమె లెక్కల టీచరు. ఎన్ని బుధవారాలో మనసులోనే లెక్క వేసుకుంది. కర్ర బ్యాగులో పెట్టేసింది. అతని భుజం మీది పట్టీ మెల్లగా తప్పించి బ్యాగు తానే తగిలించుకుని, క్లబ్బు వైపు తిరిగింది. వాటీ ఆమె వెనకే నడిచాడు. నలభై రెండేళ్ళలో ఆ దారిన ఉత్తి చేతులతో నడవడం అతనికదే మొదటిసారి.