మిషన్ గేటు ఎదుట నిలబడ్డావిడ

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది. నేను వినలేదు. విని ఉంటే ఇది రాయవలసిన పనే ఉండేది కాదు.

అప్పట్లో రాజమండ్రిలో నాకు ఫోటోలు తీసే కొట్టు ఉండేది. వీధికి అవతల వరసలో పాదిరీ దొరల మిషన్ బడి గేటు. జనం నా గుమ్మం తొక్కడానికే జంకేవారు. పటం తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందట! వచ్చినవాళ్ళయినా కుదురుగా కూర్చునేవారా? కెమెరా పెట్టె మూత తీసి నేను పదిహేను లెక్కపెట్టేదాకా కదలకూడదు. ఏడు అనేసరికి ఒకాయన మీసం దువ్వేవాడు, ఇంకొకాయన "అయిపోయిందాండీ?" అనేవాడు. గాజు పలక మీద మొహానికి బదులు మసక పడేది. తిట్టుకుంటూ మళ్ళీ పలకకి మందు పూసుకునేవాణ్ణి.

విసుగెత్తి, ఈ మనుషులే వద్దు, వీధిని తీస్తానని ఒక పొద్దున పెట్టెను అరుగు మీద నిలబెట్టాను. రోజూ ఆ వేళకి ఒకావిడ గోదావరి స్నానం చేసి వస్తూ, గేటుకి ఎదురుగా మూసి ఉన్న నూనె కొట్టు పంచన ఆగేది. తడి చీర, చంకన ఇత్తడి బిందె. బడి గంట కొట్టేదాకా అడుగు కదిపేది కాదు. ఎందుకు నిలబడుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. నాకు కావలసింది కదలని మనిషి, అంతే.

ఆ పూట వీధి కిటకిటలాడుతోంది. మండపేట ధాన్యం బళ్ళు, కూరగాయల గంపలు, బడికి పరిగెత్తే పిల్లలు, వెనకాల పంతుళ్ళు. తీరా పలక కడిగి చూస్తే ఒక్కరూ లేరు! నేను పదిహేను లెక్కపెట్టేలోగా నడిచిపోయినవాళ్ళంతా మాయం. ఎడ్లున్న చోట కాస్త పొగలాంటిది మిగిలింది. అంత ఖాళీ వీధిలో ఆవిడొక్కతే, ఆనవాలు పట్టేంత స్పష్టంగా, గేటు వైపు చూస్తూ నిలబడి ఉంది.

చట్రం కట్టించి గుమ్మంలో వేలాడదీశాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నవ్వేవారు. "జనం ఏరండీ, మింగేశారా?" అనేవారు. నాకు కడుపు నిండిపోయేది.

నాలుగో రోజున జరీ కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి చాలాసేపు పటం ముందు నిలబడ్డాడు. "ఈవిడ దారిన పోతూ ఆ ఒక్క పూట ఆగిందేమోనండీ?" అని మెల్లగా అడిగాడు. ఇప్పుడు తలచుకుంటే, అవునన్న మాట కోసమే అడిగాడనిపిస్తుంది. నా పనితనం నేను చెప్పుకోవద్దూ! "భలేవారే! ఆవిడ రోజూ అక్కడే నిలబడుతుందండి. గంట కొట్టేదాకా కదలదు. అది కనిపెట్టే కదండీ ఆ వేళకి తీశాను!" అన్నాను. ఆయన కండువా సర్దుకుని, "మంచిదండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆవిడ రాలేదు.

సంగతంతా పక్క కొట్టాయన చెప్పాడు. ఆ పెద్దమనిషి ఆవిడ భర్త. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు రెండేళ్ళ కిందట కిరస్తానీ మతంలో కలిసి, ఈ బడిలోనే పంతులుగా చేరాడు. తండ్రి బతికున్న కొడుక్కి కుండ పగలగొట్టి కర్మ చేసేశాడు. వాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఆవిడ ఎత్తలేదు. గోదావరి వంకన రోజుకొక్కసారి కళ్ళారా చూసుకుని పోయేది. ఇప్పుడు గోదావరి మాన్పించి, నూతి దగ్గరే స్నానం చేయమన్నాడట.

"కాస్త ఊరుకోలేకపోయారాండీ?" అన్నాడు పక్కాయన. ఛీ, నా నోరు పడిపోను! కన్నతల్లికి ఉన్న ఆ ఒక్క చూపూ నేనే పోగొట్టాను.

పటం దించి గోడకి తిప్పి పెట్టాను. రెండు వారాలకి ఆ కుర్రపంతులు వచ్చాడు. సంగతి అతని చెవినా పడింది.

"అమ్మ పటం ఉందట కదండీ. ఒకసారి చూడనిస్తారా?"

ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నాకు తెలీదండి. ఎవరైనా మొహాన ఉమ్మేస్తారేమోనని తలొంచుకుని గబగబా గేట్లోకి పోయేవాణ్ణి. ఆ పక్కకి ఎప్పుడూ చూడలేదండి" అన్నాడు. కాసేపటికి పటంలో గేటు దగ్గర వేలితో వెతకసాగాడు. "ఆ పూట నేనూ బడికి వెళ్ళాను కదండీ. అమ్మ చూస్తున్నది నన్నే కదా. ఇందులో నేనెక్కడండీ?"

"నడిచేవాళ్ళు పడరు బాబూ" అన్నాను.

"కాస్త ఆగి ఉంటే పడేవాణ్ణాండీ? అమ్మతో పాటు?"

అబద్ధం చెప్పవలసింది. నోటికి రాలేదు. "పడేవాడివి బాబూ" అన్నాను. అతను ఏడ్చాడు. పటం అతనికే ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున నేను కొట్టు తెరిచేసరికి అతను నూనె కొట్టు పంచన, వాళ్ళమ్మ నిలబడ్డ చోటే నిలబడి, గోదావరి దారికేసి చూస్తున్నాడు. బడి గంట కొట్టినా కదల్లేదు.